తెల్లబడ్డ గోడ

మా అక్క ఎదూవిహెస్ పడవల మీద పేర్లు రాసేది. మా రేవులో ఆమె చేతిరాత లేని పడవ లేదు. అయినా యాభై రెండేళ్లొచ్చేదాకా సముద్రంలో మోకాళ్లు దాటి దిగి ఎరగదు.

ఒకరోజు మెరిదా పట్నం నుంచి నెరేయిదా అనే పరిశోధకురాలు మా ఇంటికొచ్చింది. మా తీరంలోని పగడాల దిబ్బను ఆరేళ్లుగా కొలుస్తున్న మనిషి.

"నేను రాసే నివేదికలు నలుగురు కూడా చదవరక్కా. జాలర్ల సంఘం గోడ మీద మీరు దిబ్బ బొమ్మ గీస్తే ఊరంతా చూస్తుంది" అంది.

"చూడనిదాన్ని ఎలా గియ్యనమ్మా?" అంది అక్క.

నెరేయిదా ఆమె ముఖానికి నీటడుగున చూసే అద్దం తగిలించి, నడుముకు తాడు కట్టి, పర్యాటకులను తిప్పే నా పడవ మీంచే నీళ్లలోకి దింపింది. పైకొచ్చాక అక్క అద్దం తీసి, "ఇన్నాళ్లూ ఒట్టి నీళ్లే అనుకున్నానురా" అంది.

నాలుగు నెలలు గీసింది. ఏ పగడం దిబ్బ మీద ఎక్కడుందో గోడ మీదా అక్కడే, దాని ఆకారంలోనే, దాని రంగులోనే. ఇద్దరూ ఒక మాట అనుకున్నారు: కింద ఏది చచ్చిపోతే గోడ మీద దానికి సున్నం పూసెయ్యాలి. ఆ అవసరం వస్తుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. బొమ్మ పూర్తయిన రోజు ముసలి జాలరి మకారియో ఒక కొమ్మల పగడం మీద అరచెయ్యి ఆనించి, "మా నాయన లంగరు చిక్కుకుంది ఇక్కడే" అని కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి ఏడు పగడాలకు తెల్లమచ్చల తెగులు వచ్చింది. మూడు వందల ఏళ్ల పగడం మూడు వారాల్లో ఎముకై మిగిలేది. ప్రతి శనివారం నెరేయిదా చచ్చినవాటి జాబితా తెచ్చేది, అక్క నిచ్చెనెక్కి సున్నం పూసేది. మొదట్లో జనం ఆగి అడిగేవారు. ఊరి మురుగునీళ్లు దిబ్బ మీదికే పోతున్నాయని, పాడైన నీళ్లలో పగడానికి తెగులును తట్టుకునే బలం ఉండదని నెరేయిదా వాళ్లకు చెప్పేది. సంఘంలో చెప్పింది, బడిలో చెప్పింది. మేయరును పిలుచుకొచ్చి మరీ చెప్పింది. ఆయన గోడంతా కలియజూసి, "చక్కగా ఉంది. కాకపోతే పర్యాటకులొచ్చే రోజులు గదా, కాస్త రంగుల్లో ఉండనివ్వకూడదూ?" అన్నాడు.

గోడ సగం తెల్లబడేసరికి ఊరివాళ్ల మనసు విరిగింది.

"ఎదూ, నీ కుంచె తగిలిందల్లా చస్తోందే!" అని మకారియో నడివీధిలో అరిచాడు.

"చచ్చాకే తగులుతోంది బాబాయ్" అంది అక్క.

ఇంతలో నెరేయిదా చేస్తున్న పరిశోధనను పైవాళ్లు ఆపేశారు. వెళ్లిపోయేముందు మా వంటింట్లో కూర్చుంది. పెట్టిన చేప ముట్టలేదు. "నాకు లెక్కపెట్టడం ఒక్కటే వచ్చక్కా. ఆపడం రాదు" అంది. ఆ తరవాత అక్కే దిగి, చూసి, వచ్చి సున్నం పూసేది.

డిసెంబరులో ఊరివాళ్లు అర్జీ పెట్టి, ఆ గోడకు కొత్త రంగులు వేయించుకున్నారు. ఊదా, నారింజ, మధ్యలో నవ్వే డాల్ఫిన్లు. రంగులేసేవాళ్లకు ఆడవాళ్లు ఆకుల్లో ఉడికించిన వేడివేడి మొక్కజొన్న తమాలెలు తెచ్చిపెట్టారు. అక్క పోయి సంఘం గుమాస్తా దగ్గర అర్జీ అడిగి తీసుకుని చదివింది. పదకొండో సంతకం నాది. నా పడవెక్కేవాళ్లు తగ్గిపోయారు మరి. కాగితం మడిచి ఇచ్చేసింది. నన్నొక్క మాట అని ఉంటే బాగుండేది.

జనవరిలో ఒక కొత్త జంట నా పడవెక్కి, "గోడ మీదున్న చోటికి తీసుకెళ్లండి" అన్నారు. తీసుకెళ్లాను. అమ్మాయి నీళ్లలోకి దిగింది. కాసేపటికి తల పైకెత్తి, "ఇంకా ముందుకెళ్లాలా అండీ?" అని అడిగింది.

నీళ్లు అడుగుదాకా తేటగా ఉన్నాయి. కింద బూడిదరంగు దిమ్మెలు, వాటి మీద నాచు.

"ఇవాళ నీళ్లు బురదగా ఉన్నాయమ్మా, ఏమీ కనపడదు" అన్నాను.

ఇంటికెళ్లి ఆ సంగతి అక్కకు చెప్పాను. ఆమె చేప పొలుసు గీకుతోంది. తలెత్తలేదు.

"నమ్మారా?"

"నమ్మారక్కా."

"నమ్ముతార్లే" అని ఇంకో చేప అందుకుంది.