కాచని పాలు

ఎర్లిండా వంటింట్లో శనివారం అంటే ఒకప్పుడు పండగే. భర్త నికనోర్ టులేరి ఊళ్లో ఓ డెయిరీలో పాలు పితికేవాడు. పొద్దున్నే పని దిగి వస్తూ బకెట్టు నిండా పాలు తెచ్చేవాడు, ఇంకా ఆవు ఒంటి వేడి ఆరని పాలు. నురగ మీద గడ్డిపోచ ఉంటే వేలితో తీసి పారేసి, తోడు కలిపి, రేడియో పెట్టుకునేది ఎర్లిండా. పాలు గడ్డకట్టాక గుడ్డలో మూటగట్టి, పిండి, ఉప్పు రుద్దితే చీజు తయారు. కారే నీళ్ల కోసం పిల్లలు గిన్నెలు పట్టుకుని కొట్టుకునేవాళ్లు. వీధిలో ఎవరు నెల తప్పినా మొదటి ముద్ద వాళ్లింటికే. పుట్టిన దేశంలో, హలిస్కో కొండల్లో ఎర్లిండా వాళ్లమ్మ అలాగే చేసింది, అమ్మమ్మా అలాగే చేసింది. కాస్తే పాల ప్రాణం పోతుందని ఆ ఇంటి ఆడవాళ్ల మాట. కొట్లో అమ్మే చీజు తిన్నవాళ్లని చూస్తే ఎర్లిండాకి జాలి వేసేది.

అబ్బ, ఏం రోజులవి. నికనోర్ పోయి తొమ్మిదేళ్లయింది. చీజు మానేసి ఇరవయ్యేడేళ్లు. మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పింది, అందరూ నమ్మారు.

ఇవాళ కూతురు ఒతీలియా బకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తెలిసినవాళ్ల డెయిరీలో అడిగి తెచ్చానమ్మా. నీ మనవరాలు యెసేనియాకి ఏడో నెల. పిల్లకి ఏదీ సయించట్లేదు. నీ చీజు రుచి నేను చెప్పడమే గానీ పాపం అది ఎరగదు. రేపు భోజనానికి వస్తుంది. మోకాళ్ల సంగతి ఎత్తకు, పిండటానికి నేనున్నాగా."

ఎర్లిండా పాలు గిన్నెలో పోసి పొయ్యి వెలిగించింది.

"అదేంటి, కాస్తున్నావ్? ప్రాణం పోతుందని మమ్మల్ని చావగొట్టేదానివి కదా."

"కాచే చేస్తా. ఇష్టమైతే తిను, లేకపోతే పో."

"ముసలితనం వచ్చి మతి పోయింది నీకు." ఒతీలియా నవ్వుతూ కుర్చీ లాక్కుంది. "అన్నట్టు, గ్రహణం సోకకుండా దాని పొట్ట మీద బట్టకి పిన్నీసు నేనే పెట్టించా. గ్రహణాలు లేవు కదమ్మా అంటుంది. లేకపోతే మాత్రం? నేను చేసిన పాపం నా కూతురు చేయకూడదు."

ఎర్లిండా చేతిలో గరిటె ఆగిపోయింది.

తొంభై ఒకటి జూలైలో గ్రహణం పట్టింది. ఏడో నెల కడుపుతో ఒతీలియా, పిన్నీసు కూడా పెట్టుకోకుండా, ఆరేసిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్లింది. రెండు వారాలకి జ్వరం, నడుం నొప్పి. పడిశం జ్వరమే అనుకున్నారు. మూడో రోజుకి నెలలు నిండకుండానే కాన్పయింది. అన్సెల్మో అని పేరు పెట్టిన ఆ పసివాడు రెండు రోజులు కూడా బతకలేదు. గ్రహణం తినేసిందని వీధంతా అంది. ఆ మాట మొదట అన్నది ఎర్లిండాయే.

తర్వాత ఆరోగ్యశాఖ నర్సు ఇంటికొచ్చింది. లోపల ఒతీలియా పడుకుని ఉంది. పిల్లాడి రక్తంలో ఓ క్రిమి దొరికిందని, కాచని పాలల్లో, వాటితో చేసిన చీజులో అది ఉంటుందని నర్సు ఎర్లిండాకి చెప్పింది. తల్లికి చిన్న జ్వరంలా వచ్చి పోతుందట, కడుపులో బిడ్డ మాత్రం బతకడం కష్టమట. అలాంటి చీజు తిందా అని అడిగింది. కూతురికి రోజూ తన చేత్తో తినిపించిన ఎర్లిండా, కొట్లోదే తింటామంది. నికనోర్ ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. అది చిన్న భయం.

"నువ్వు ఏ పాపం చేయలేదు" అంది ఎర్లిండా ఇప్పుడు, పొయ్యి వైపే చూస్తూ. తర్వాత నర్సు చెప్పిందీ, తాను చెప్పిందీ ఒక్కటీ దాచకుండా చెప్పేసింది.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఒతీలియాయే లేచి మంట కట్టేసింది.

"అప్పుడే చెప్పుంటే వాడు బతికేవాడా?"

"లేదు. అప్పటికే పోయాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మళ్లీ నన్ను అమ్మా అని పిలవవేమోనని."

"మా అత్త చచ్చేదాకా నన్ను బిడ్డని మింగినదానా అనేది. నువ్వు పక్కనే కూర్చుని విన్నావు."

ఎర్లిండా పొయ్యి దగ్గరి నుంచి కూతురి ముందుకొచ్చి నిలబడింది. కొడితే కొట్టించుకుందామనుకుంది, కూతురు కొట్టలేదు. కొట్టినా బాగుండేది. ఒతీలియా మొహం కడుక్కుని వచ్చింది. ఫోను తీసి నంబరు నొక్కింది.

"యెసేనియా, రేపు చీజు లేదు. మీ అన్న ఎలా పోయాడో మీ అమ్మమ్మ చెబుతుంది, విను. పాల సంగతి కూడా చెబుతుంది, జాగ్రత్తగా విను." ఫోను తల్లి చేతిలో పెట్టింది. "చెప్పు. ఈసారి ఏదీ మింగకు."

"ఏమైంది అమ్మమ్మా?" అంటోంది అవతల మనవరాలు.

ఎర్లిండా ఫోను చెవికి ఆనించుకుంది. ఒతీలియా వెళ్లిపోతుందనుకుంది. వెళ్లలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ప్రతి మాటా వినడానికి ఎదురుగా కూర్చుంది.

"కూర్చో తల్లీ" అంది ఎర్లిండా ఫోన్లో. "మీ అమ్మ తప్పేం లేదు. ముందు ఆ మాట విను."