మోంజియా ఇంట్లో రెండో గది

తెల్లారగానే మోంజియా చేసే మొదటి పని మొగుణ్ణి లేపి కూర్చోబెట్టడం. హత్తాబ్ పడుకుని ఊపిరి తీసుకోలేడు. వయసంతా మా కెఫ్ ఊళ్ళో జనం పరుపులకు ఉన్ని ఏకుతూ గడిపాడు. ఆ నూగంతా ఛాతీలోకి పోయి అక్కడే స్థిరపడింది. వీపు వెనక దిండ్లు పెట్టి, కుంపటి రాజేసి, కొండ మీద దొరికే జాతర్ ఆకు మరిగించి ఆవిరి పట్టిస్తుంది మోంజియా. ఆయన కాస్త తేరుకున్నాకే తనకో గ్లాసు టీ. వండుకోవడం, పడుకోవడం, దగ్గుకోవడం అన్నీ ఆ ఒక్క గదిలోనే. దాని ముందు ఇద్దరు నిలబడితే నిండిపోయే వాకిలి. ఇల్లంటే అంతే.

అతిథులు వచ్చినప్పుడు మాత్రం ఇంటికి రెండు గదులు.

గడప దగ్గరికి కొత్త మనిషి వచ్చి, మోంజియా "రండి, రండి" అందంటే చాలు, వాకిలి ఎడమ గోడలో తలుపు తెరుచుకుంటుంది. లోపల పొడుగాటి గది. గోడల వెంట నీలం మఖ్మలు పరిచిన బల్లలు, మధ్యలో ఇత్తడి పళ్ళెం, ఎదురుగా గోడ గడియారం. వచ్చినవాళ్ళు వెళ్ళి సందు మలుపు తిరిగేదాకా ఉంటుంది. ఆ తర్వాత మళ్ళీ మామూలు సున్నం గోడే. మోంజియా అత్తగారి నాటి నుంచీ ఇదే వరస. ఆ గదికి మర్యాద ఎక్కువే గానీ ఉత్త పిసినారిది, మఖ్మలు పరుస్తుంది గానీ చిటికెడు పంచదార ఇవ్వదు. టీ మీద చల్లే బాదం పలుకులు మోంజియా పక్కింటి షాద్లియా దగ్గర అడిగి తెచ్చుకోవాల్సిందే. ఒంట్లో సత్తువ ఉన్న రోజుల్లో హత్తాబ్ ఓసారి ఆ ఇత్తడి పళ్ళెం అమ్మేద్దామని చంకలో ఇరికించుకుని కూర్చున్నాడు. అతిథులు వెళ్ళేసరికి చంకలో నూనె డబ్బా రేకు మిగిలింది. చొక్కాకి మరక కూడా అయింది.

ఇన్నేళ్ళూ ముచ్చటగా ఉన్న ఆ గదే ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది. హత్తాబ్‌కి బీదవాళ్ళకిచ్చే తెల్ల కార్డు ఉంటే ఆసుపత్రిలో మందులు ఊరికే ఇస్తారు, ఊపిరి అందించే మిషను ఇంటికే పంపిస్తారు. అది లేకుండా ఈ చలికాలం గట్టెక్కడం కష్టమని డాక్టరు మొహం మీదే చెప్పాడు. కార్డు కావాలంటే ఇంటి వివరాల ఫారం నింపాలి. నింపడానికి సంక్షేమ ఆఫీసు నుంచి మనిషి వచ్చి ఇల్లు చూడాలి. నిరుడు ఒకాయన వచ్చాడు. మఖ్మలు మీద సుఖంగా కూర్చుని, నోట్లో బాదం పలుకులు నములుతూనే, అతిథులకు వేరే గది కలదు అని రాసుకుని పోయాడు. కార్డు రాలేదు.

మోంజియా మళ్ళీ అర్జీ పెట్టుకుంది. ఇల్లు చూడ్డానికి వచ్చేది ఆడమనిషట. ఈసారి షాద్లియా ముందే వచ్చి కూర్చుంది.

"నీ నోరే కొంప ముంచుతోంది. ఈసారి 'రండి' అనకు. అసలు పెదవి విప్పకు. మొహం ముడుచుకుని గడపకు అడ్డంగా నిలబడు. టీ మాట ఎత్తావంటే చంపుతాను."

"గడప దాకా వచ్చిన మనిషికి టీ ఇవ్వకపోతే ఎలాగే?"

"ఏం, చచ్చిపోతుందా? ప్రభుత్వం జీతమిస్తోంది, కొనుక్కుని తాగుతుంది. ఏదీ, మొహం ముడువు చూద్దాం."

మోంజియా ముడిచింది.

"ఖర్మ! కడుపునొప్పి వచ్చినదానిలా ఉన్నావు. నిన్ను చూస్తే ఆవిడే జాలిపడి నీకు టీ కాచిస్తుంది."

గోడకు చేరగిలబడిన హత్తాబ్ నవ్వబోయి దగ్గాడు. మోంజియా ఆయన వీపు రాస్తూ, ఈసారి ఎలాగైనా మొహం ముడుచుకునే ఉండాలని గట్టిగా అనుకుంది. ఆయన లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమె ఊహించుకోవడానికి కూడా సిద్ధంగా లేదు.

ఆఫీసు మనిషి వచ్చిన రోజు కుండపోత వాన. మా సందు కొండవాలున మెట్లు మెట్లుగా ఉంటుంది, వానొస్తే కాలవే. తలుపు చప్పుడైంది. మోంజియా మొహం ముడుచుకుని తీసింది. ఎదురుగా సన్నటి పిల్ల. తల గుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి, బూట్లలో నీళ్ళు, పెదాలు నీలంగా ఉన్నాయి. సంచీ తడవకుండా కోటు లోపల పెట్టుకుని, తను మాత్రం ముద్దయిపోయింది.

"వసీలా అండీ. ఫారం పని మీద..."

"అయ్యో అయ్యో, ఎంత తడిసిపోయారు లెల్లా! రండి, రండి!"

అనేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పక్కింటి కిటికీ రెక్క ధడాలున మూసుకుంది. అది షాద్లియా. ఎడమ గోడలో తలుపు తెరుచుకోనే తెరుచుకుంది.

ఇక చేసేదేముంది? మోంజియా టీ పెట్టింది. అతిథి వణుకుతోందని ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కుంపటి తీసుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. తడి బూట్లు విప్పించి పక్కన ఆరబెట్టింది. వసీలా మఖ్మలు మీద ఓ అంచున కూర్చుని ఫారం తీసింది.

ఈ వసీలా సముద్రం పక్క ఊరి నుంచి బదిలీ మీద మా కొండకు వచ్చింది. తల్లి పోయింది, వెనక ఎవరూ లేరు. పగలంతా ఇళ్ళు తిరగడమే ఆమె పని. ఏ ఇంటికెళ్ళినా అమ్మగారూ అన్నట్టు లెల్లా అని పిలుస్తారు, మంచి దిండు వేస్తారు, మంచి గ్లాసు తీస్తారు, ఆమె లేచేదాకా ఆచితూచి మాట్లాడతారు. సాయంత్రం తన అద్దె గదికి చేరాక పలకరించే ప్రాణి ఉండదు. ఊరంతా మర్యాద చేసే మనిషికి ఊళ్ళో ఒక్కరూ లేకపోవడం ఎలా ఉంటుందో, అలా బతుకుతోంది.

"ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం, లెల్లా."

"ఒకటిన్నర అని రాయండి!" పక్క గదిలోంచి హత్తాబ్ గొంతు. "నేను సగమే మిగిలాను."

"పట్టించుకోకండి. ఆయనంతే."

"పశువులు ఏమైనా?"

"షాద్లియా పిల్లి వచ్చిపోతుంటుంది."

వసీలా నవ్వింది. తర్వాతి ప్రశ్న దగ్గర నవ్వు ఆగిపోయింది. "గదులు?"

మోంజియా చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది. "మీరు చూస్తూనే ఉన్నారుగా. మీరు వెళ్తే ఇది కూడా పోతుంది."

"తెలుసండీ. పాత కాగితాల్లో చూశాను, మీ సందులోనూ చెప్పారు." వసీలాకు మాట్లాడటం కష్టంగా ఉంది. "కానీ కళ్ళతో చూసిందే రాయమని కదా నన్ను పంపారు. కూర్చున్న గదినే లేదని ఎలా రాయను? నేను వెళ్ళాక ఏముంటుందో చూడటానికి నేను ఇక్కడ ఉండనుగా."

అందులో తప్పు పట్టడానికేం లేదు. మోంజియా కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "టీ చల్లారిపోతోంది, తాగండి," అంది.

అప్పుడు మొదలైంది దగ్గు. ఎప్పుడూ వచ్చే దగ్గు కాదు, ఆగనిది. కుంపటి ఇవతలికి వచ్చేసరికి హత్తాబ్ ఉన్న గది మంచుగడ్డయింది, ఆ చలి ఆయన ఛాతీని పట్టేసింది. మోంజియా పరిగెత్తింది. వసీలా ఒక్క క్షణం కూర్చుండిపోయింది. కాళ్ళ దగ్గరున్న నిప్పులు చూసింది. పక్క గదిలో మనిషి ఊపిరి అందక కొట్టుకుంటున్న చప్పుడు వింటోంది. ఆ నిప్పులు తన కోసం ఎక్కణ్ణుంచి వచ్చాయో అర్థమైంది. తల గుడ్డ విప్పి చేతులకు చుట్టుకుని, కుంపటి ఎత్తుకుని, చెప్పులైనా లేకుండా పరిగెత్తింది.

"ఇక్కడ పెట్టు! దగ్గరగా!" మోంజియా మొగుణ్ణి తన భుజానికి ఆనించుకుని ఉంది. రెండు చేతులూ ఖాళీ లేవు. "నీళ్ళు పెట్టు. జాతర్ వెయ్యి."

"ఎక్కడుంది?"

"డబ్బాలో!"

"ఏ డబ్బాలో?"

"నీ నెత్తి మీదే ఉంది కదే, మొద్దు మొహమా! కళ్ళు తెరిచి చూడు! ఆ తడి పాదాలతో తివాచీ తొక్కకు, పక్కనుంచి రా!"

వసీలా పక్కనుంచి వచ్చింది. డబ్బా దొరికింది. నీళ్ళు మరిగాయి. ఇద్దరూ కలిసి హత్తాబ్ తల మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టారు. దగ్గు మెల్లగా విరిగి, ఊపిరిగా మారింది. ఆయన దుప్పటిలోంచి తల బయటపెట్టి, "ఉన్నాను లెండి, ఒకటిన్నర," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది మోంజియాకు, తను తిట్టింది ఎవర్నో.

"లెల్లా, క్షమించండి, ఏదో కంగారులో... మా ఇంటికొచ్చిన అతిథి మీరు..."

వాకిట్లో ఎడమ గోడ నుంచి సున్నం పొడి జలజలా రాలింది. ముగ్గురూ అటు చూశారు. మోంజియా తిట్టినప్పుడే మాయమైనట్టుంది, తలుపు లేదు. గది లేదు. గోడ కింద పిండి డబ్బా మీద వసీలా సంచీ, ఫారం, పక్కన బూట్లు. గోడ మీద మాత్రం, అతిథి అన్న మాట విని తలుపు మళ్ళీ రాబోతున్నట్టు, తలుపంత ఎత్తున సన్నటి బీట పైకి పాకుతోంది.

"నోరు ముయ్యవే," అన్నాడు హత్తాబ్, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని.

వసీలా మోంజియా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. తల్లి పోయాక ఆమెను ఎవరూ తిట్టలేదు. తిట్టేంత దగ్గరగా ఎవరూ లేరు.

"పిన్నీ, లెల్లా అనకు. ఇందాక పిలిచావే, అలా పిలువు."

మోంజియా బీట వంక చూసింది, పిల్ల వంక చూసింది. గొంతు సవరించుకుంది.

"అయితే ఊరికే నిలబడతావేం? ఆ గ్లాసులు కడుగు. నాకు చేతులు ఖాళీ లేవని కనబడటం లేదూ?"

బీట అక్కడే ఆగింది. వసీలా గ్లాసులు కడిగింది. తర్వాత పిండి డబ్బా మీద ఫారం పెట్టుకుని, గదులు అన్న చోట ఒకటి అని రాసింది. అతిథి గది అన్న చోట లేదు అని రాసింది. ఒకటికి రెండుసార్లు గోడ వంక చూసుకుని మరీ రాసింది, ఎందుకంటే ఆ పిల్ల అబద్ధం రాసే రకం కాదు. వాన తగ్గాక బూట్లు వేసుకుని వెళ్ళింది. మోంజియా గుమ్మం దాకా కూడా రాలేదు, వంట పనిలో ఉంది.

ఆ తర్వాత వసీలా మా సందు వైపు రాలేదు. రావాలని లేక కాదు. ఆ వాన రోజు కంగారులో జరిగింది వేరు, మామూలు రోజు వేరు. మళ్ళీ వెళ్ళి తలుపు కొడితే, మోంజియా "రండి" అంటే, ఎడమ గోడ తెరుచుకుంటే? నీలం మఖ్మలు మీద ఒక అంచున మళ్ళీ కూర్చోవలసి వస్తే? దానికంటే అద్దె గదిలో ఒంటరిగా ఉండటమే నయమనిపించింది. రెండుసార్లు సందు మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిందని షాద్లియా కిటికీలోంచి చూసి చెప్పింది.

చలి ముదిరే వేళకు తెల్ల కార్డు వచ్చింది. పోస్టులో పంపొచ్చు. వసీలా దాన్ని కోటు లోపల పెట్టుకుని మెట్లెక్కింది. తలుపు ముందు చాలాసేపు నిలబడింది. చివరికి కొట్టింది.

"ఎవరూ?"

"నేను."

తలుపు తెరుచుకుంది. మోంజియా చేతులకు పిండి ఉంది. చేతులు చాపి ఆహ్వానించలేదు, "రండి" అనలేదు. నడుం మీద మణికట్టు ఆనించి కిందా మీదా చూసింది.

"ఇన్నాళ్ళూ ఏమైపోయావే? ఉన్నామో పోయామో కనుక్కోనక్కర్లేదూ?"

అంటూనే వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. వసీలా భయం భయంగా ఎడమ వైపు చూసింది. సున్నం గోడ. దాని మీద సన్నటి పాత బీట. అంతే.

లోపల హత్తాబ్ కాళ్ళు ముడుచుకుని గొర్రెతోలు మీద ఆమెకు చోటిచ్చాడు. వసీలా కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"తలుపెవరు వేస్తారు?" కుంపటి దగ్గర నుంచి కేకేసింది మోంజియా. గొంతులో ఏడుపూ ఉంది, కోపమూ ఉంది. "చలంతా లోపలికొస్తోంది!"

వసీలా లేచి వెళ్ళి, లోపల నుంచి తలుపేసి వచ్చింది.