వెయ్యి కోట్ల స్విచ్చులు

అండాలుకు కోపం ముక్కు మీదే ఉంటుందని కొత్తకోటలో ఎవరినడిగినా చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు. హైవే పక్కన, ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో ఆమె బోరు మోటర్లు చుడుతుంది. భర్త విజేందర్ పొలాల వెంట తిరిగి కాలిపోయిన మోటర్లను బోర్లలోంచి గుంజి తెస్తాడు. మాడిన తీగ పీకి పారేసి, కొత్త రాగి తీగను ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ నింపడం ఆమె పని. లెక్క మధ్యలో ఎవరైనా పలకరించారో, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. బోర్డు మీద విజేందర్ పేరున్నా రైతులకు అది అండాలక్క దుకాణమే. ఎందుకంటే పని పూర్తయ్యాక మోటరు మీద ఎర్ర రంగుతో తన పేరూ తేదీ రాస్తుందామె. ఆ పేరున్న మోటరు ఏడాదిలోపు కాలితే పైసా తీసుకోకుండా మళ్లీ చుట్టి ఇస్తుంది. తన చేతి పని కాని దాని మీద మాత్రం చచ్చినా రాయదు.

అలాంటి అండాలు, మోటర్లు వరసబెట్టి కాలే ఏప్రిల్ నెలలో, దుకాణానికి తాళమేసి కూతురు ప్రవళికతో మహబూబ్‌నగర్ బస్సెక్కింది. ఎందుకయ్యా అంటే, కంప్యూటర్ కొనడానికి!

ప్రవళిక వనపర్తిలో డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. ఆ పిల్లకు ఒక ఆట ఉంది. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఇంటర్నెట్టులో తలపడే తుపాకుల ఆట. మొదట్లో అండాలు "ఏందే నీ టపటప, చెవులు తూట్లు వడ్తున్నయి" అని తిట్టిపోసింది. ఒకరోజు ఎందుకో వెనక నిలబడి చూసింది. ప్రవళిక చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కనబడని మనిషి అడుగుల చప్పుడు విని, "ఎడమ దిక్కు మెట్లమీదికెళ్లి ఒకడొస్తుండు" అంది. నిజంగానే వచ్చాడు. అండాలుకు ఒళ్లు ఝల్లుమంది. మోటరు చప్పుడు విని రోగం చెప్పే తన చెవే పిల్లకు వచ్చిందనుకుంది. ఆ రోజు నుంచి తిట్టడం మానేసింది.

ఇప్పుడు ఆ ఆట పోటీలకెళ్లే హైదరాబాద్ జట్టొకటి ప్రవళికను పిలిచింది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆఖరి పరీక్ష ఆట. పోయిన నెల మొదటి పరీక్షలో పిల్ల బాగానే ఆడింది గానీ, పాత లాప్‌టాప్ వేడెక్కి నడిమధ్యలో ఆరిపోయింది. "ఈసారి ఆగితే వేరే వాళ్లను తీసుకుంటం" అని వాళ్లు ముందే చెప్పేశారు. అన్యాయం అనడానికీ లేదు. మోటరు ఆగితే మడి ఎండుతుందని అండాలు కంటే ఎవరికి ఎక్కువ తెలుసు? మూడు ఎండాకాలాలు చుట్టి దాచుకున్న డబ్బు తీసింది.

బస్టాండు దగ్గర మొదటి అంతస్తులో కృష్ణకాంత్ దుకాణం. ఆటలాడే వాళ్లకు కంప్యూటర్‌లోని ఒక్కో భాగం చూపించి, వాళ్లు ఎంచుకున్నదే ఇస్తాడని అతనికి పేరు. ముప్ఫై దాటిన నెమ్మదస్తుడు. అండాలు కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"తమ్మీ, మంచిది చూపియ్యి. నడుమల ఆగొద్దు. రంగు లైట్లు నాకొద్దు."

"నాక్కావాలె" అంది ప్రవళిక మెల్లగా.

కృష్ణకాంత్ నవ్వి, చిన్న డబ్బా తెరిచి ప్రాసెసర్‌ను బల్ల మీద పెట్టాడు. నాలుగు వేళ్ల మీద నిలిచేంత రేకుబిళ్ల.

"గిదేంది?"

"గిదే అక్కా, మొత్తం లెక్కజేసేది. దీంట్ల చిన్నచిన్న స్విచ్చులుంటయి. వెయ్యి కోట్ల పైనే."

అండాలు అతని మొహం వంక అనుమానంగా చూసింది. మోటరుకు ఇన్ని చుట్లని పెదవుల మీద లెక్కపెట్టుకుంటూ పాతికేళ్లు గడిపిన మనిషి. ఈ పాతికేళ్లలో తన చేత పడిన చుట్లన్నీ కలిపినా కొన్ని లక్షలు. కోటికి ఎన్ని సున్నాలో వేళ్ల మీద వేసి చూసుకుంది.

"వెయ్యి కోట్లా? ఎవరు లెక్కవెట్టిండ్రు?"

"ఎవరు లెక్కవెట్టలేరక్కా. మిషిన్లే గీస్తయి, వెలుతురుతోని. గాళ్ల కార్ఖానాల ఒక్క దుమ్ము రేణువు వడ్డా పాడైతది."

"వెలుతురుతోనా!"

ఆమె చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. తుడుచుకుని కూడా దాన్ని ముట్టుకోలేదు. వంగి, ఊపిరి బిగబట్టి, అంచు నుంచి అంచుకు చూసింది. ఒక్క చుట్టు తప్పితే మోటరు గుర్రుమంటుంది. వెయ్యి కోట్లలో ఒక్కటీ తప్పకుండా చేసిన ఆ మనుషులెవరో గానీ, వాళ్లకు అక్కడికక్కడే దండం పెట్టాలనిపించింది.

"మంచిగ జేసిండ్రు" అంది చివరికి. అండాలు నోటి నుంచి ఇంకొకరి పనికి అంత పెద్ద మెప్పు రావడం ప్రవళిక వినడం అదే మొదటిసారి.

తర్వాత గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. మూడు ఫ్యాన్లు, ఇటుకంత బరువు. ఆటలో కనబడే గోడలూ నీడలూ పొగా అన్నీ అదే గీస్తుందని, సెకనుకు రెండు వందల బొమ్మలని కృష్ణకాంత్ చెప్పాడు. అండాలు కళ్లార్పి చూసుకుంది, రెప్పపాటులో ఎన్ని బొమ్మలు దాటిపోతాయోనని. లోపలికి కరెంటు అందించే పవర్ సప్లైల దగ్గర మాత్రం ఆమెకు కాలు నేల మీద ఆనింది. రెండు డబ్బాలను రెండు చేతుల్లో పట్టి తూచింది.

"గిది తేలిగ్గున్నది. లోపల సరుకు లేదు. గీ బరువుది ఇయ్యి."

"బరువొక్కటే చూడరు గని" అని కృష్ణకాంత్ తల గోక్కున్నాడు, "నువ్వు వట్టిందే మంచిదక్కా."

ఆ మాటతో అండాలుకు బలం వచ్చింది. అదే కొంపముంచింది.

ప్రాసెసర్‌ను చల్లబరచడానికి ప్రవళిక అల్యూమినియం రెక్కల గాలి కూలర్ ఎంచుకుంది. పక్కనే ఇంకొకటి ఉంది. ప్రాసెసర్ మీద కూర్చునే బొటనవేలంత పంపు, దాన్నుంచి రెండు నల్లటి గొట్టాలు, గొట్టాల చివర ఆ నీళ్లను చల్లార్చే రేడియేటర్. లోపల నీళ్లు తిరుగుతాయి. అండాలు కళ్లు మెరిశాయి.

"గింత మోటరా! తల్లీ, గిది తీస్కుందమే. మన మోటర్లు నీళ్లల్లనే గదా బతికేది. గాలితోని ఏం సల్లవడ్తది?"

"అమ్మా, గాలిదైతె ఫికరుండదు."

"నీళ్ల సంగతి నాకు జెప్తవా?"

ఇక మాటేముంది! నీళ్లదే ఖాయమైంది. అండాలు దాన్ని చెవి దగ్గర ఊపింది. లోపల గుడగుడమంది. వెంటనే నొసలు ముడిపడింది. బోర్లో దించేముందు మోటరు నిండా నీళ్లు పోయకపోతే అది కాలిపోతుంది. పాతికేళ్లుగా రైతుల మీద అరిచి అరిచి చెప్పే మాట అదే. రేడియేటర్ మూల మీద చిన్న స్క్రూ కనబడగానే బల్ల మీది స్క్రూడ్రైవర్ అందుకుంది.

"గిది నిండలే. జర మంచినీళ్లు తే తమ్మీ, నింపుదం."

"అక్కా, అక్కా! సీల్ తియ్యకు!" కృష్ణకాంత్ చేయి అడ్డం పెట్టాడు. "గా కొంచెం గాలి గాళ్లే ఉంచుతరు. నీళ్లు వేడైతె పొంగుతయి గద, దానికి జాగ గావాలె. నువ్వేం జెయ్యకు. క్యాబినెట్ల పైభాగంల బిగియ్యుండ్రి, చాలు."

దుకాణంలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు నవ్వుకున్నారు. ప్రవళిక తల దించుకుంది. అండాలు స్క్రూడ్రైవర్ కింద పెట్టింది గానీ, ఆ నవ్వు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

శనివారం పొద్దున మోటర్ల బల్ల శుభ్రంగా తుడిచి ప్రవళికే అన్నీ క్యాబినెట్ డబ్బాలో బిగించింది. ప్రాసెసర్‌ను గూట్లో పెట్టి మీట నొక్కేటప్పుడు అండాలు కళ్లు మూసుకుంది. ర్యామ్ టక్కుమని కూర్చుంది. ఒక్కో తీగా దాని చోటికి చేరుతుంటే, డిగ్రీ పిల్ల వేళ్లలో ఇంత పనితనం ఎప్పుడు చేరిందని ముచ్చటపడింది. రేడియేటర్ పైన పెట్టబోయేసరికి మాత్రం ఊరుకోలేకపోయింది.

"ఆగు! నీళ్లు పైన, కరెంటు కింద పెడ్తరా ఎవరన్న? కారితె మొత్తం ఖరాబైతది. కింద బిగియ్యి."

"గాయన పైనన్నడు గదమ్మా."

"గాయన మోటర్లు జుట్టిండా, నేను జుట్టిన్నా?"

క్యాబినెట్‌లో కింద కూడా దానికి చోటుంది. ప్రవళిక కిందే బిగించింది. మీట నొక్కగానే డబ్బా నిండా నీలం వెలుగు పరుచుకుని, ఫ్యాన్లు మెల్లగా తిరిగాయి. తల్లీకూతుళ్లిద్దరూ నోరు తెరుచుకుని చూశారు. "పేరు రాయవా అమ్మా?" అంది ప్రవళిక, ఎర్ర రంగు డబ్బా చూపిస్తూ. "నేను జుట్టని దానికి నా పేరెట్ల రాస్తనే?" అంది అండాలు, నవ్వుతూనే.

సాయంత్రం ఇంట్లోకి చేర్చి ఆట మొదలుపెట్టిన అరగంటకు డబ్బా లోపల గరగర వినబడింది. తెర మీద బొమ్మలు తడబడ్డాయి. తెర మూలన తొంభై డిగ్రీలు దాటిన వేడి అంకె కాసేపట్లో వందకు చేరింది. టప్పున అంతా ఆరిపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ ఆరింది. కృష్ణకాంత్‌కు ఫోన్ చేస్తే యాదగిరిగుట్టలో పెళ్లికి వెళ్లాడట, సోమవారం తెమ్మన్నాడు. సోమవారం తెచ్చి ఏం చేయాలి?

"గాలిది తీస్కుంటనంటి. నా మాట ఇంటివా? అంతా నీకే తెలుసునాయె!" ప్రవళిక ఏడుపు ఆపుకోలేదు.

అండాలు ప్లగ్గు పీకి, డబ్బా పక్కనే కూర్చుంది.

ఆదివారం పొద్దున అండాలు పొడుగు స్క్రూడ్రైవర్ తెచ్చి, "నడిపియ్యి" అంది. మొనను ఆ బొటనవేలంత పంపు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంది. మోటర్లను ఆమె ఎప్పుడూ వినేది అలాగే. కళ్లు మూసుకుంది. ఎన్ని బోర్ల దగ్గర విన్న చప్పుడది! వేసవిలో నీళ్లు కిందికి దిగి, పంపు గాలి మింగేటప్పటి గరగర. చప్పుడు చిన్నదే, రోగం అదే.

"గాలి మింగుతాంది" అంది.

"గాలెక్కడిదమ్మా?"

"గాయన జెప్పలే, కొంచెం ఉంచుతరని? నీళ్లల్ల గాలి ఎటు వోతది? మీదికి." కింద బిగించిన రేడియేటర్ నుంచి ఆమె వేలు గొట్టం వెంట పైకి పాకి, పంపు దగ్గర ఆగింది. అన్నిటికంటే ఎత్తులో ఉన్నది అదే. అండాలు స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "బోర్ల మోటరు నీళ్ల కింద ఉంటది. నేను నీళ్లు దెచ్చి మోటరు కింద వెట్టిన. పాతికేండ్ల సంది అందరి మీద అరిచిన మాట నేనే మరిచిన. తప్పు నాదే బిడ్డా."

ప్రవళిక పుట్టి బుద్ధెరిగాక అమ్మ తప్పు ఒప్పుకోవడం ఇదే మొదలు. ముక్కు తుడుచుకుని గబగబా స్క్రూలు విప్పింది. రేడియేటర్‌ను పైన బిగించింది. పన్నెండున్నరకు మీట నొక్కింది. కాసేపు గుడగుడమని గాలి పైకి పోయింది, ఆ తర్వాత చప్పుడు లేదు. గంటసేపు ఆట నడిపినా వేడి అరవై ఐదు దాటలేదు. అండాలు స్క్రూడ్రైవర్ పెట్టి మళ్లీ వింది. నీళ్లు సన్నగా, ఒకే తీరున తిరుగుతున్నాయి. అంత చిన్న చప్పుడు అంత పెద్ద వేడిని మోసుకుపోతోందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

మూడింటికి పరీక్ష ఆట మొదలైంది. షెడ్డులో మోటర్లను నడిపి చూసే స్టార్టర్‌ను అండాలు ఆపేసింది, కరెంటు గుంజొద్దని. అప్పుడే రైతు ఎల్లయ్య ట్రాలీలో మోటరేసుకుని వచ్చాడు.

"అక్కా, మిరప తోట ఎండుతాంది, జర నడిపి సూడు."

"గట్టిగ మాట్లాడకు. లోపల మోటరు నడుస్తాంది."

"చప్పుడొస్తలేదు గద!"

"అదే మంచి మోటరు. కూసో."

ఎల్లయ్య కూర్చున్నాడు. గుమ్మంలోంచి ఇద్దరూ లోపలికి చూశారు. తెర మీద పొగ, నీడలు, మెరుపులు. సెకనుకు రెండు వందల బొమ్మలు ఒక్కటీ తడబడకుండా పోతున్నాయి. వాటి ముందు ప్రవళిక కదలకుండా కూర్చుని, కనబడని అడుగులను విని జట్టుకు దారి చెబుతోంది. అండాలు చూపు తెర మీద లేదు, పిల్ల వేళ్ల మీద ఉంది. ఆ బిళ్ల చేసిన వాళ్లను తలుచుకుని దుకాణంలో కలిగినంత అబ్బురం ఇప్పుడు కన్నబిడ్డను చూస్తే కలిగింది.

యాభై నిమిషాల తర్వాత ప్రవళిక హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకుంది. డబ్బా ఇంకా నడుస్తూనే ఉంది.

"ఓడినమమ్మా, రెండు పాయింట్లతోని" అంది. అండాలు గబుక్కున లోపలికొచ్చింది. "కని తీస్కున్నరు. వచ్చే వారం నుంచి నేనూ జట్టుల ఉన్నట్టే."

అండాలు షెడ్డులోకి వెళ్లి ఎర్ర రంగు డబ్బా, కుంచె తెచ్చింది. కంప్యూటర్ ఆపించి, వెనక రేకు మీద వంగింది.

"మొత్తానికి నీ పేరు వడ్తాంది!" అని నవ్వింది ప్రవళిక.

అండాలు లెక్క తప్పకుండా చుట్టేటంత జాగ్రత్తగా, ఒక్కో అక్షరమే రాసింది. ప్రవళిక. కింద తేదీ వేసింది.

"ఆరేదాంక ముట్టకు" అని చెప్పి, ఎల్లయ్య మోటరు దించడానికి బయటికి వెళ్లింది.