వీరుడన్న పేరు

మా ఊరి గోడల మీద ఎర్రమన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాశారు. కూడబలుక్కుని చదివాను. ‘జిల్లా బోర్డుకు మీ ఓటు యుద్ధవీరుడు సుందరరాజుకే.’ పక్కనే ఉన్న నాగులమ్మత్తకు చదివి వినిపించాను.

“వీరుడా? ఎప్పుడు సచ్చిపోయినాడే?” అంది.

ఆమె తప్పేం లేదు. మా పూతలపట్టు చుట్టుపక్కల వీరుడంటే ఊరి బయటి వీరగల్లు. పోరులో ప్రాణం విడిచినవాడికి రాయి నాటి, ఏటా పసుపు పూసి పొంగలి పెడతారు. బతికున్నవాణ్ణి ఆ పేరుతో పిలవగా మేం వినలేదు.

నా పెనిమిటి కుప్పయ్య బర్మా యుద్ధంలో కంచరగాడిదలు తోలాడు. విషజ్వరమొచ్చి అక్కడే పోయాడు. శవం రాలేదు. చాన్నాళ్ళకు టపాలో ఒక ఇత్తడి నక్షత్రం వచ్చింది. ఆయనకు రాయి నాటించమని ఊరి పెద్ద దేవరాజులును అడిగాను. “జొరంతో పోయినోడికి వీరగల్లు యాడుండాదమ్మా? ఆనవాయితీ కాదు,” అన్నాడు. ఆ మాట మింగి ఊరుకున్నాను.

సుందరరాజు మీటింగులో అదే దేవరాజులు వేదిక ఎక్కాడు. సుందరరాజు చొక్కా మీద పతకాల వరుస.

“సూడండప్పా, ఆ రొమ్ము సూడండి! ఒక్కొక్కటీ ఒక్కో గండం దాటి తెచ్చినాడు మన వీరుడు!”

వరుసలో మొదటిది నా ఇంట్లో ఉన్నదే. అదే నక్షత్రం, అదే రిబ్బను. ఒళ్ళు మండిపోయింది. ఇంటికి పోయి నాది తెచ్చి, వేదిక ముందు నిలబడి దేవరాజులును అడిగాను.

“మామా, ఆ నచ్చత్రం ఆయనకు ఏమిటికిచ్చినారు?”

“శత్రువును ఎదిరించినందుకమ్మా.”

“అయితే ఇదేంది? రెండూ పక్కపక్కన పెట్టి సూడు.”

పటాలంలో వంటవాడిగా పోయివచ్చిన ఫకృద్దీన్ జనంలోంచి నవ్వాడు. “బర్మాకు పోయినోళ్ళందరికీ ఇచ్చినారప్పా దాన్ని. నాకూ ఉండాది. నేను రొట్టెలు కాల్చినాను!”

“అయితే రొట్టెవీరుడా, నువ్వూ నిలబడు ఓట్లకు!” అని ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు.

నేను నవ్వలేదు. “ఈ నచ్చత్రం మనిషిని వీరుణ్ణి చేస్తే నా మొగుడికి రాయెందుకు లేదు మామా? చెయ్యకుంటే గోడల మీద ఆ మాటెందుకుండాది?”

దేవరాజులు సుందరరాజు వైపు చూశాడు. సుందరరాజే లేచి చేతులు జోడించాడు.

“తప్పయిపోయింది చెల్లెమ్మా. కుప్పయ్య కూడా వీరుడే! నేను గెలవంగానే నా చేతుల్తో రాయి నాటిస్తాను. ఇంతమంది ముందర మాటిస్తా ఉండాను.”

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది దేవరాజులే. ఆనవాయితీ ఏ గంగలో కలిసిందో!

నేను ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. ఎంత సులువుగా పారేశాడు! అంగడివాడు కొసరు వేసినట్టు. నేను ఔనంటే, నా మొగుణ్ణి అడ్డం పెట్టుకుని ఇతనూ వీరుడైపోతాడు.

“వద్దు,” అన్నాను. “నా మొగుడు వీరుడు కాదు. గాడిదలకు నీళ్ళు పెట్టినాడు, జొరమొచ్చి పోయినాడు. అదే బిళ్ళ తగిలించుకున్న నువ్వూ వీరుడివి కాదు. ఆ రాతలు చెరిపించు.”

చప్పట్లు ఆగిపోయాయి.

దారిలో నాగులమ్మత్త నన్ను తిట్టిపోసింది. “రాయి నాటిస్తానంటే కాదంటివే, పిచ్చిదానా! ఇంకెవురు నాటిస్తారే నీకు?”

“ఎవురూ వద్దత్తా. అబద్దానికి తోడుగా ఆయన పేరు పోనీను.”

ఆమె తిడుతూనే ఉంది. నేను ఏడుస్తూనే నడిచాను.