హెలెన్ కిటికీ వైపు సముద్రం

మడికొండ ఐటీ పార్కులో నా పని పరాయివాళ్ల ప్రయాణాలకు ప్లాన్లు రాయడం. అమెరికాలో ఉండేవాళ్లు ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. దారి, హోటలు, ఆగి తినే చోటు అన్నీ ఇక్కడ కూర్చుని నేను కుదురుస్తాను. సముద్రాన్ని మాత్రం నేనింతవరకు చూడలేదు.

పోయిన నెల శాన్ డియాగో నుంచి వాల్టర్ అనే పెద్దాయన మెయిల్ పెట్టాడు. భార్య హెలెన్‌తో మొదటిసారి కారులో సరిహద్దు దాటి మెక్సికో వెళ్తున్నాడట. రెండు రాత్రులు. రోసారిటో, ఎన్సెనాదా అని తీరంలో రెండు ఊళ్లు. చీకటి పడ్డాక బండి నడపనన్నాడు, అక్కడ చెల్లే ఇన్సూరెన్స్ ఏదో చెప్పమన్నాడు. అంతవరకు బాగానే ఉంది. చివర్లో ఇలా రాశాడు: “కారు నేనే నడుపుతాను. సముద్రం మా ఆవిడ కిటికీ వైపు వచ్చేలా చూడండి. తను అడగదు. అందుకే నేను అడుగుతున్నాను.”

నాకు ఒళ్లు మండింది.

నా పెళ్లయి ఎనిమిదేళ్లు. మా ఆయన నవీన్‌కి రఘునాథపల్లిలో ఎరువుల దుకాణం. కారులో మేం దూరం వెళ్లిందంటే మేడారమే, అదీ నాలుగుసార్లు. ముందు సీటు మా అత్తమ్మ భద్రమ్మది. ఓసారి నా బరువుకు సరిగ్గా బెల్లం తూచి మొక్కు చెల్లించారు. ఆ రోజు బెల్లం మూటలు కిటికీ పక్కన కూర్చున్నాయి. నేనూ, ఇద్దరు ఆడబిడ్డలూ మిగిలిన చోట్లో ఇరుక్కున్నాం.

మ్యాప్ తెరిచాను. ఎన్సెనాదాకు రెండు దారులు. ఒకటి తీరం వెంట, ఒకటి తెకాతే అనే ఊరి మీదుగా కొండల్లోంచి. ఒకదాంట్లో వెళ్లి ఇంకోదాంట్లో రావచ్చు. తీరం వెంట వెళ్తే సముద్రం కుడిపక్క, తీరం వెంట వస్తే ఎడమపక్క. డ్రైవరు పక్క సీటు ఎడమవైపు కదా. అందుకని కొండల్లోంచి పంపి, తీరం వెంట తిరిగి తెస్తూ రాశాను.

పంపేముందు ‘తను అడగదు’ అన్న ముక్క మళ్లీ చదివాను. అడక్కుండానే అన్నీ అమరాలా ఈవిడకు? దారి తిరగేశాను. వెళ్లేటప్పుడు తీరం, వచ్చేటప్పుడు కొండలు. చూసుకో తల్లీ, మీ ఆయన భుజం మీంచి చూసుకో! మెయిల్ పంపేసి, క్యాంటీన్‌కి వెళ్లి మిర్చి బజ్జీలు తిన్నాను. చాలా రుచిగా ఉన్నాయి.

మూడు వారాలకు జవాబొచ్చింది. మా టీమ్ లీడ్ శ్రీలత అందరికీ వినబడేలా చదివింది. “వెళ్లేటప్పుడు దారంతా సముద్రం హెలెన్ పక్కనే ఉంది. ఒక్క మాటా మాట్లాడకుండా చూస్తూ కూర్చుంది. ఇంత శ్రద్ధ తీసుకున్న మీకు కృతజ్ఞతలు.”

కింద ఫోటో. తెల్లజుట్టు హెలెన్, ఆమె కుడిపక్క కిటికీ నిండా నీలం. వాల్టర్ ఎడమపక్క, స్టీరింగ్ పట్టుకుని.

అమెరికా కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. రోజూ వాళ్ల ప్రయాణాలే రాస్తాను, అయినా నా బుర్రలో తిరిగింది మా ఇంటి కారే. మంచి మనసుతో మొదట రాసిందే పంపి ఉంటే ఆమెకు సముద్రం దక్కేది కాదు. నా కుళ్లే ఇచ్చింది.

“మస్తు చేసినవ్ యమునా!” అంది శ్రీలత. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం మళ్లీ మేడారం. అత్తమ్మ చెప్పులు వేసుకునేలోపు నేను ముందు సీట్లో కూర్చున్నాను.

“యమునా, జర ఎనుక కూసో. అమ్మకు కడుపుల తిప్పుతది,” అన్నాడు నవీన్.

“ఎనిమిదేండ్ల సంది ఎనుకనే కూసుంటాన.”

“మరి ఒక్కనాడన్న అడిగినవా? అడిగితే వద్దంటనా?”

“హెలెన్ సుత అడగలే.”

“హెలెన్ ఎవలు?”

నేను సీటు బెల్టు పెట్టుకున్నాను. “కూసోనియ్ రా,” అంటూ అత్తమ్మ వెనక్కి ఎక్కింది. ములుగు దాటాక రోడ్డుకు రెండువైపులా అడవి. ఇన్నేళ్లలో ఆ అడవిని నేను ఇంత నిండుగా చూడలేదు.

“ఇగ ఖుషేనా?” అన్నాడు నవీన్.

తలూపి కిటికీ వైపు తిరిగాను. పోట్లాడి తెచ్చుకున్న సీటది. హెలెన్‌కు పోట్లాడే అవసరమే రాలేదు.