హిసానో చూసిన చుక్క

కరసావా తొకుజి పగలు కటింగ్ షాపు నడిపేవాడు, చీకటి పడితే గెలాక్సీలను ఫోటోలు తీసేవాడు. ఇనా లోయలో ఆ కొండవాలు ఊరిలో అందరికీ ఆ సంగతి తెలుసు. "పిచ్చి ఆయనది, కళ్ళు ఆవిడవి" అనేవాళ్ళు. ఆవిడంటే ఆయన భార్య హిసానో. అదే షాపులో రెండో కుర్చీ ఆమెది. ముఖక్షవరం ఆమె చేతి కింద చేయించుకుంటే నిద్ర పట్టేస్తుందని పేరు.

షాపు మూసి, అన్నం తిని, తొకుజి డాబా మీద తాను కట్టుకున్న గదిలోకి ఎక్కేవాడు. గది కప్పు పక్కకి జరిపితే టెలిస్కోపుకి ఆకాశం దొరికేది. ఒక్కో గెలాక్సీ వైపు తిప్పడం, ఒక్కో ఫోటో తీయడం, మరోదానికి పోవడం. కాళ్ళు తిమ్మిరెక్కేదాకా అదే పని. ఆ మసక మరకల్లో ఎక్కడో ఒక నక్షత్రం చచ్చిపోతూ పేలుతుంది. పేలినప్పుడు అంతకుముందు లేనిచోట ఒక చుక్క పుడుతుంది. దాన్ని లోకంలో అందరికన్నా ముందు పట్టుకోవాలి. అదీ ఆయన ఆశ.

కానీ పట్టుకునే చూపు ఆయనకి లేదు. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా రెండూ ఒకేలా కనిపించేవి. హిసానో అలా కాదు. పొద్దున పొయ్యి మీద మిసో పులుసు పెట్టి, అది పొంగేలోగా షాపు వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో జంటనీ తిప్పుకుంటూ పోయేది. "ఏమండీ, ఇదెవరో కొత్తగా వచ్చారు" అనేది, అద్దెకు దిగినవాళ్ళ గురించి చెప్పినట్టు. అలా ఆ ఇద్దరూ నాలుగు సూపర్నోవాలు, అంటే పేలిన నక్షత్రాలు, కనిపెట్టారు. మొదటిదానికి ఊరి ఆఫీసు ముందు బ్యానర్ కూడా కట్టారు. నాలుగోది దొరికేనాటికి పెద్ద పెద్ద అబ్జర్వేటరీల యంత్రాలు రోజూ ఆకాశమంతా జల్లెడ పట్టడం మొదలుపెట్టాయి. అవతలి దీవి మీద కోచిలో ఉండే కుసునోసె, తొకుజికి స్నేహితుడూ పోటీదారూను, ఫోన్లో నవ్వేవాడు: "యంత్రాలు తుమ్మినప్పుడు దొరికే సందులో బతుకుతున్నాం అన్నా మనం."

అలాంటి సందు ఒకటి దొరికిందనే అనుకున్నాడు తొకుజి, ఆ శరదృతువులో. పెర్సిమన్ పళ్ళు తొక్క తీసి ఇళ్ళ చూరులకి దండలుగా వేలాడదీసే రోజులు. పండగ ముందు కావడంతో షాపు నిండా జనం. హిసానో వెనక గదిలోంచి పిలిచింది. వెళ్ళి చూశాడు. పాత ఫోటోలో చుక్క లేదు, కొత్తదాంట్లో ఉంది. నూలు ఉండలాంటి గెలాక్సీ పక్కన కొట్టొచ్చినట్టు మెరుస్తోంది. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఆయన మళ్ళీ సరిచూడలేదు. అక్కడికక్కడే లోకానికి కబురు పంపేసి, చేతులు కడుక్కుని, కత్తెర పట్టుకున్నాడు. ఆ రోజంతా ఈలవేస్తూనే ఉన్నాడు.

మర్నాడు అబ్జర్వేటరీ నుంచి జవాబొచ్చింది. ఎంతో మర్యాదగా రాశారు. అది మన పాలపుంతలోని మామూలు నక్షత్రమేననీ, ఎప్పటినుంచో అక్కడే ఉందనీ. హిసానో పక్కన పెట్టిన పాత ఫోటో ఆ గెలాక్సీది కాదు, వేరేదానిది.

"అన్నా, ఆ చుక్క మీ ముత్తాతకి కూడా తెలిసే ఉంటుంది కదా!" అన్నాడు కుసునోసె ఫోన్లో. తొకుజి నవ్వాడు. నవ్వి, ఫోన్ పెట్టేసి, హిసానో వంక చూశాడు. ఆమె ఉతికిన తువ్వాళ్ళు మడత పెడుతోంది. మడత పెట్టినదాన్నే విప్పి, మళ్ళీ మడత పెడుతోంది.

ఆ తర్వాత టోఫు కొట్టు గోండా కనుబొమ్మ పోయింది. గోండా చిన్నప్పటినుంచీ తొకుజికి నేస్తం, వారం వారం వచ్చి హిసానో కుర్చీలోనే కూర్చునేవాడు. ఆ రోజు కూడా అలాగే కళ్ళు మూసుకుని గురక పెట్టాడు. లేచి అద్దంలో చూసుకుంటే ఎడమ కనుబొమ్మ నున్నగా ఉంది.

"వదినా, నన్నేదో గుడిలో బొమ్మని చేసేశావే!" అన్నాడు గోండా.

"ఏం, బాలేదా?" అంది హిసానో. ఆమె వేళాకోళం ఆడటం లేదు. నిజంగానే అడిగింది.

గోండా అద్దంలోంచి తొకుజి కళ్ళలోకి చూశాడు. "బాగుంది వదినా. చల్లగా ఉంది" అన్నాడు. తొకుజి డబ్బా తెరిచి కాటుక పెన్సిలుందేమో వెతికాడు.

బస్తీ ఆసుపత్రిలో డాక్టరమ్మ హిసానోని గడియారం బొమ్మ గీయమంది. హిసానో గుండ్రం గీసింది. అంకెలన్నీ ఒక పక్కకే గుంపుగా పెట్టింది. అది చూస్తే తొకుజికి ఫోటోల్లో దూరంగా ముద్దకట్టిన గెలాక్సీల గుంపు గుర్తొచ్చింది. అలాంటి ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. "ఇది నెమ్మదిగా పెరిగే మతిమరుపు జబ్బే. కోప్పడకండి. విషయం మర్చిపోతారు గానీ, బాధ మర్చిపోరు" అంది డాక్టరమ్మ. ఆ మాట ఆయన విన్నాడు. అర్థం మాత్రం అప్పుడు కాలేదు.

మంగలికత్తులన్నీ ఎత్తి పైన పెట్టేశాడు. రెండో కుర్చీ మీద గుడ్డ కప్పాడు. ఆమెకి ఇంకేం పని మిగల్లేదు గనక పొద్దున్నే ఫోటోలు ముందు పెట్టేవాడు. ఆమె శ్రద్ధగా తిప్పేది. పదే పదే పిలిచేది. "ఏమండీ, ఇక్కడొకరు. ఇదిగో, ఇక్కడ కూడా." ప్రతి చుక్కా ఆమెకి కొత్త చుక్కే. మొదట్లో లేచి వెళ్ళి చూసేవాడు. తర్వాత కూర్చున్నచోటినుంచే "ఊఁ, మంచిది" అనేవాడు. పసిపిల్ల చేతికి పాత తాళాల గుత్తి ఇచ్చినట్టు ఇచ్చాననుకున్నాడు.

ఫిబ్రవరిలో రెండు రోజులు ఆకాశం గాజులా తేరుకుంది. తొకుజి చేతనైనన్ని ఫోటోలు తీశాడు. మూడో రోజు పొద్దున మబ్బు పట్టింది. షాపులో గోండా ఒక్కడే ఉన్నాడు, మొహం నిండా నురగతో. ఇప్పుడు గడ్డం గీసేది తొకుజే. హిసానో తెర తొలగించుకుని వచ్చింది. చేతిలో సగం కొరికిన ఎండు పెర్సిమన్ పండు.

"ఏమండీ, ఒక్కసారి రండి. ఎవరో వచ్చారు."

"వస్తా. నువ్వెళ్ళి కూర్చో."

వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. "గెలాక్సీ చేతి అంచున ఉందండీ. నిన్న లేదు. రండి."

"వస్తానన్నానుగా హిసానో!"

మూడోసారి వెనకనుంచి వచ్చి ఆయన మోచెయ్యి పట్టి లాగింది. కత్తి గోండా గడ్డం కింద గీరుకుంది. తెల్లటి నురగలో ఎర్రగా చార పాకింది.

"రోజూ వస్తున్నారే నీకు! రోజూ!" తొకుజి అరిచాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆ గొంతు ఆమె వినలేదు. ఆయనా వినలేదు. "నీ బుర్రలో పుట్టేవన్నీ ఆకాశంలో పుట్టవు! నన్ను ఊళ్ళో నవ్వులపాలు చేశావు చాల్లేదా? ఇంక నాకేం చూపించకు. పో లోపలికి!"

"ఒరేయ్, పోనీరా. గీరుకుంది, అంతేగా" అన్నాడు గోండా, తువ్వాలు అదుముకుంటూ.

హిసానో ఆ రక్తం వంక చూసింది. తర్వాత భర్త మొహం వంక చూసింది. గోండాకి నడుం దాకా వంగి దణ్ణం పెట్టింది. లోపలికి వెళ్ళింది. వెనక గదిలో కంప్యూటర్ తెర ఆర్పిన స్విచ్చి చప్పుడు తొకుజికి వినిపించింది.

మర్నాడు పొద్దున ఆమె కంప్యూటర్ ముందు కూర్చోలేదు. ఆ గది గుమ్మం దగ్గరికొస్తే గోడవారగా జరిగి నడుస్తోంది. పీడా పోయింది, కాస్త ప్రశాంతంగా ఉంది అనుకున్నాడు తొకుజి. అలా అనుకున్న సంగతి తర్వాత ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ మధ్యాహ్నమే కుసునోసె ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం పట్టలేకుండా ఉంది. "అన్నా, దొరికిందన్నా! రాత్రి తీసిన ఫోటోలో. యంత్రాలున్న చోట్లన్నీ తుఫాన్లట. నేనే మొదట!" ఏ గెలాక్సీయో చెప్పాడు. "మీకు అంతకుముందు రెండు రోజులు తేటగా ఉందన్నావుగా. దాన్ని తీశావా? అప్పటికే ఉందో లేదో తెలిస్తే బాగుండును."

"చూసి చెబుతా" అన్నాడు తొకుజి.

కంప్యూటర్ తెర వెలిగించాడు. హిసానో ఎక్కడ ఆపిందో అక్కడే తెరుచుకుంది. చేతుల్లా పాయలు చాచి వంపు తిరిగిన ఒక గెలాక్సీ. ఒక చేతి అంచున సన్నగా, స్పష్టంగా ఒక చుక్క. తెర మీద సరిగ్గా దాని పక్కన తెల్లటి వేలిముద్ర ఉంది. ఎండు పెర్సిమన్ మీద పేరే చక్కెర పిండి అది. పక్కన పెట్టిన పాత ఫోటో ఈసారి ఆ గెలాక్సీదే. అందులో చుక్క లేదు.

తొకుజి రెండు ఫోటోలూ మార్చి మార్చి చూశాడు. షాపు తలుపు గంట మోగింది. ఎవరో "కరసావా గారూ" అని పిలిచి వెళ్ళిపోయారు.

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. హిసానో ముల్లంగి ముక్కలు కడుగుతోంది.

"హిసానో, ఒకసారి రా. నువ్వు చెప్పింది నిజం. అది కొత్తదే. నువ్వే ముందు చూశావు, లోకంలో అందరికన్నా ముందు. రా, చూపిస్తా."

ఆమె కదల్లేదు. చెయ్యి పట్టుకున్నాడు. గది గుమ్మం దాకా వచ్చింది. వెలుగుతున్న తెర చూడగానే రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

"నేనేం చూడలేదండీ" అంది. "నేనేం చెప్పలేదు. ఇంకెప్పుడూ చెప్పను."

"తిట్టడం లేదు హిసానో. తప్పు నాది. చేతులు తియ్యి. ఒక్కసారి తియ్యవే."

"చెప్పనండీ. నిజంగా చెప్పను."

ఆమె వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి ముల్లంగి నీళ్ళో కన్నీళ్ళో ఆయనకి తెలియలేదు. నిన్న ఏం తిన్నదో ఆమెకి గుర్తులేదు, ఏం చూసిందో గుర్తులేదు. అరిచిన గొంతు మాత్రం అలాగే ఉండిపోయింది. డాక్టరమ్మ చెప్పింది ఇదేనని అప్పుడు తెలిసింది.

కుసునోసెకి ఫోన్ చేసి మబ్బని అబద్ధం చెబుదామనుకున్నాడు. నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

"వదిన పేరు రాద్దాం అన్నా" అన్నాడు కుసునోసె. "ముందు చూసింది ఆమేనని నేనే రాస్తా. నా పేరు వెనక ఉంటే ఉంటుంది."

"ముందు కబురు పంపినవాడిదే కనిపెట్టడం. అది నీదే."

"నీ మొహం! నియమాలు నాకు చెప్పకు."

"రాస్తే మీ వదినకి తెలుస్తుందంట్రా?" అన్నాడు తొకుజి.

మంచు కరిగాక కుసునోసె కోచినుంచి వచ్చాడు, పొగబెట్టిన చేప కట్ట పట్టుకుని. గట్టిగా మాట్లాడే మనిషి, సముద్రం పక్కనవాడు. హిసానో అతని జోకులకి గలగలా నవ్వింది. చాలా నెలల తర్వాత ఆ నవ్వు విని తొకుజి టీ కప్పులతో లోపలికొచ్చాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. కాళ్ళు దగ్గరికి లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుంది. కుసునోసె అది చూసి, చూడనట్టు బయటికి తిరిగాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ డాబా మీద టెలిస్కోపు విప్పారు. తొకుజే అడిగాడు తీసుకుపొమ్మని. ఆ ఫిబ్రవరి తర్వాత కొన్నాళ్ళు ఫోటోలు తీశాడు, పొద్దున తనే కూర్చుని చూశాడు. ఒక్కోసారి అన్నీ పాత చుక్కలే. ఒక్కోసారి అన్నీ కొత్తవే. పక్కన పిలిచే గొంతు లేకపోతే ఆ మరకలు వట్టి మరకలే. కుసునోసె గొట్టాన్ని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు కారులో పెట్టుకున్నాడు. "ఎప్పుడు కావాలన్నా అడుగన్నా" అన్నాడు. అడగడని ఇద్దరికీ తెలుసు.

వేసవి వచ్చేసరికి హిసానో పగటిపూట వృద్ధుల కేంద్రానికి వెళ్ళడం మొదలుపెట్టింది. పొద్దున వ్యాను వచ్చి తీసుకెళ్ళేది. అక్కడ పాటలు పాడుతుందట, తువ్వాళ్ళు మడుస్తుందట. ఒకరోజు సాయంత్రం వ్యానులో వచ్చిన అమ్మాయి, ఓకుహారా అని కొత్తగా చేరిన పిల్ల, హిసానోని దింపి చెప్పుల అల్మరా దగ్గర కాస్త తటపటాయించింది.

"కరసావా గారూ, మీ ఇంట్లో ఇంకెవరైనా ఉంటారా?"

"లేదమ్మా. ఏం?"

"ఏం లేదండీ... ఆవిడ ఒక మాట అంటుంటారు. ఇంట్లో ఒకాయన ఉన్నాడట. అరుస్తాడట. మా ఆయన డాబా మీదున్నాడు, దిగి రాగానే చెబుతాను, ఆయన చాలా మంచివాడు, ఆయనకి చెబితే ఆ మనిషిని పంపించేస్తాడు అంటారు." ఆ పిల్ల గొంతు తగ్గిపోయింది. "అడక్కూడదేమో. క్షమించండి."

తొకుజి తలొంచి ఆ పిల్లకి కృతజ్ఞతలు చెప్పాడు. వ్యాను మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. వెనక్కి తిరిగేసరికి హిసానో మెట్టు మీద కూర్చుని బూట్ల తాడు విప్పుకోలేక అవస్థ పడుతోంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తాడు విప్పాడు. ఒక్కో కాలూ నెమ్మదిగా బయటికి తీసి, ఇంటి చెప్పులు తొడిగాడు.

ఆమె చిన్నగా వంగింది, ముక్కూ మొహం తెలియని మనిషికి వంగినట్టు. "శ్రమ ఇచ్చానండీ" అంది. తర్వాత పైకప్పు వైపు ఒకసారి చూసి, ఆయన పక్కనుంచి గోడవారగా జరుగుతూ లోపలికి వెళ్ళిపోయింది.