వెనక సీటు బరువు

పెద్దల్లుడు నన్ను దాటేశాడు. ఎక్కడో ఎవరూ చూడని చోట కాదు, కొండదారిలో, అన్నిటికంటే ఎత్తు మలుపు దగ్గర, మా ఆవిడ నా వెనక కూర్చుని చూస్తుండగా.

పెద్దల్లుడంటే మా ఆవిడ అక్క మొగుడు, నా తోడల్లుడు. ఎదురుగా అన్నయ్యా అంటాను, మనసులో ఆ మర్యాద అక్కర్లేదు. ఉద్యోగం వాడిదే పెద్దది, ఇల్లు వాడిదే పెద్దది, ఆఖరికి తల మీద జుట్టు కూడా వాడికే ఎక్కువ. అన్నీ దిగమింగుకున్నాను. బండి మాత్రం ఇద్దరిదీ ఒకటే. నలుగురు మనుషుల బరువుండే నల్ల క్రూజరు మోటారుసైకిలు, అదే కంపెనీ, అదే ఇంజను. ఆదివారం అందరం కొండ మీదికి వెళ్తే నేనే ముందు చేరేవాణ్ణి. బతుకు మొత్తంలో వాడికంటే నేను ముందుండేది ఆ ఒక్క దారిలోనే.

ఆ రోజు ముందు ఒక లారీ మూలుగుతూ ఎక్కుతోంది. దాటుదామని యాక్సిలేటర్ తిప్పాను. బండి ఆయాసపడింది. ఈలోగా పెద్దల్లుడు నిబ్బరంగా వచ్చి నన్నూ లారీనీ కలిపి దాటేసి పోయాడు. వాడి వెనక కూర్చున్న వదిన మాకు చెయ్యి ఊపింది.

"బావ బండి భలే లాగుతోందండీ," అంది మా ఆవిడ నా చెవి దగ్గర. నాకు తల కొట్టేసినట్టయింది.

పైన టీ తాగుతూ మాటవరసకి అడిగినట్టు అడిగాను. "ఇంజనేమైనా మార్పించావా అన్నయ్యా?"

"పెద్ద పిస్టన్లు వేయించాను తమ్ముడూ. ఫిల్టరూ సైలెన్సరూ కూడా మార్పించా. పొగ రూల్సనీ, చప్పుడు రూల్సనీ కంపెనీ వాళ్ళు ఇంజను గొంతు నొక్కి అమ్ముతారు కదా. మొన్నామధ్య ఇద్దరం ఎక్కి వస్తుంటే లారీని దాటబోయి సగంలో చతికిలబడింది. ఎదురుగా బస్సు. మీ వదిన హడలిపోయింది. అందుకే."

అందుకేనట. నా మొహం. నన్ను దాటడానికి కాకపోతే ఎందుకు?

ఆ వారమంతా తిండి సయించలేదు. శనివారం సాయంత్రం వాడి మెకానిక్ దగ్గరికే వెళ్ళాను. బండి అక్కడ వదిలేయాలి కాబట్టి నన్ను తీసుకెళ్ళడానికి మా ఆవిడ తను ఆఫీసుకెళ్ళే పాత స్కూటరు మీద వచ్చి గుమ్మం దగ్గర ఆగింది.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "వెనక ఎవరైనా కూర్చుంటారా సార్? మనిషి ఉంటే తక్కువ స్పీడులోనే లాగేలా చేస్తా. ఒక్కరే అయితే పై స్పీడులో దూకేలా చేస్తా. అప్పుడు వెనకవాళ్ళకి కుదుపూ వేడీ ఎక్కువే."

"వెనక ఎవరూ లేరనుకుని చెయ్యి. నేను పెద్దల్లుడి కంటే ముందుండాలి, అంతే."

మెకానిక్ ఒకసారి గుమ్మం వైపు చూశాడు. "ఆలోచించుకోండి సార్."

"ఆలోచించే వచ్చాను."

ఇంటికి ఆవిడ వెనక కూర్చుని వెళ్ళాను. దారిలో గుంతల్ని ఆవిడ ఒక్కటీ తప్పించలేదు. ట్రాఫిక్కు కదా అనుకున్నాను.

నాలుగు రోజులకి బండి వచ్చాక వీధి వీధంతా కిటికీల్లోంచి చూసింది. కుళ్ళి చావండి అనుకున్నాను, హాయిగా. ఆదివారం పొద్దున హెల్మెట్ అందిస్తే మా ఆవిడ తీసుకోలేదు. "మీరు పదండి, నేను వస్తాను," అంది. నేను ఆగలేదు. అంత ఆత్రం నాకు.

అదే మలుపు దగ్గర పెద్దల్లుణ్ణి పట్టేశాను. సరిగ్గా దాటబోతుంటే వాడు బండి పక్కకి తీసి, రా తమ్ముడూ అన్నట్టు చెయ్యి ఊపాడు. దారిచ్చాడు మహానుభావుడు. దారిస్తే ఇక దాటడమేమిటి, నా ఖర్మ కాకపోతే?

పైకి నేనే ముందు చేరాను. చూడ్డానికి ఒక్క పురుగు లేదు. కాసేపటికి వాళ్ళు వచ్చారు. వదిన దిగి, హెల్మెట్ కింద నలిగిన వాడి కాలరు సర్దింది. అది కూడా నా కంట్లో పడాలా?

"చెల్లేది?" అంది నాతో.

నేను దారి వైపు తిరిగి చూస్తుండగానే మలుపులోంచి స్కూటరు వచ్చింది, ఆయాసం లేకుండా, చక్కగా. మా ఆవిడ స్టాండు వేసి దిగింది.

"ఇదింత ఎత్తు ఎలా ఎక్కిందే?" అంది వదిన.

"బలం పెంచించానక్కా. ఈయన వెళ్ళిన షాపులోనే." మా ఆవిడ హెల్మెట్ తీసి అద్దానికి తగిలించింది. "ఆ మెకానిక్ మంచివాడు. వెనక ఎవరైనా కూర్చుంటారా అని నన్నూ అడిగాడు."

"ఏం చెప్పావు?" అన్నాను.

"మీరు చెప్పిందే చెప్పాను."

పెద్దల్లుడి మీద ఇన్నేళ్ళుగా నాకున్న కుళ్ళంతా కలిపినా, ఆ పాత స్కూటరు మీద అప్పుడు పుట్టిన దాంట్లో సగం ఉండదు.